చేపలు వండని రోజు

జులై 4, 2024
మళ్లీ అదే. పొద్దున చేసిన ట్రాన్సిస్టర్ మధ్యాహ్నానికి మాట మార్చింది. వోల్టేజి పెంచుతూ కరెంటు కొలిచి గీసిన కర్వ్ ఎడమకు జరిగింది.

మాలిబ్డినం డైసల్ఫైడ్ రేకు. మూడు పరమాణువుల మందం. సెల్లో టేపుతో ఒలిచి ఒలిచి తీస్తాను. దాని ముందు ఉల్లిపొర కోటగోడ. అంత కష్టపడి తీస్తే ఒకసారి చెప్పిన లెక్క ఇంకోసారి చెప్పదు. ల్యాబ్‌లో అందరివీ నిలుస్తున్నాయి. నావే నిలవవు.

మా గైడ్ ఫరహత్ మేడమ్ అరవలేదు. అరిస్తే బాగుండేది. సెప్టెంబర్ రివ్యూల రిపీట్ అయ్యే కర్వ్ ఒక్కటన్న చూపకుంటే నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఉండదు సృజనా, జెర సోంచాయించు అని మాత్రం అంది. సంగారెడ్డిలోనే పుట్టి, బెంగళూరు కొలువు వద్దనుకుని ఇక్కడ ల్యాబ్ పెట్టిన మనిషి. నానో ఎలక్ట్రానిక్స్‌లో ఆమె ఇరవై ఏళ్ల పేరుకు నేను మచ్చ కాను. కాను.

జులై 5
టేపు మార్చాను. జరిగింది.

జులై 9
వేఫర్ మార్చాను. జరిగింది. ప్రోబ్ స్టేషన్‌ను తన్నాలనిపించింది. దాని ఖరీదు గుర్తొచ్చి డస్ట్‌బిన్‌ను తన్నాను.

జులై 15
కొత్త జూనియర్ వచ్చింది. దీక్షా నేగి, ఉత్తరాఖండ్ కొండల పిల్ల. నేను రీడింగ్ తీస్తుంటే వెనక నిలబడి, ముక్కు ముడిచి, దీదీ, ల్యాబ్‌లోకి చేపలు ఎవరు తెచ్చారు అని అడిగింది.

కోపం నెత్తికెక్కింది. తెస్తే ఏంటి? మా కడుపులోకి ఏం పోవాలో నీ ముక్కు తీర్పు చెప్తుందా? అని మొదలుపెట్టాను. ఆహార స్వేచ్ఛ మీద ఇంటర్ నుంచి నేను చదివిన కరపత్రాలన్నీ హిందీలోకి మార్చి ఆమె మీద కుమ్మరించాను. పక్క బెంచీ మీది మొయిన్, ఇగ మైకు పెట్టుమంటవా అక్కా అన్నాడు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను తగ్గలేదు. బస్సులో వస్తున్నంతసేపూ ఏదో గెలిచినట్టే ఉంది.

జులై 16
నిన్న నా డబ్బాలో పచ్చిపులుసు. మొయిన్‌ది ఖట్టీ దాల్. మేడమ్ మొహర్రం ఉపవాసం. చేపలు ఎవరూ తేలేదు.

జులై 28, ఆదివారం
రాత్రి చాలా అయింది. అయినా రాస్తాను.

నాయిన షిఫ్ట్ దిగి వచ్చాడు. బొల్లారంలో మందుల ముడిసరుకు చేసే కంపెనీలో రియాక్టర్ దగ్గర హెల్పర్. వాన పడుతుంటే అమ్మ ఆయన యూనిఫాం ఇంట్లోనే తాడు మీద వేసింది, నా చున్నీల పక్కన. వేస్తూ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఎప్పటి మాటే అంది. ఇగో, వల లేకనే చేపలు పట్టుకొచ్చిండు మీ నాయిన అని.

చిన్నప్పటి నుంచీ వింటున్న హాస్యం. ప్రతిసారీ నవ్వాను. ఈసారి నవ్వు రాలేదు.

అక్కడ ఏం కలుపుతావని నాయినను అడిగాను. డ్రమ్ముల మీద టీఈఏ అని ఉంటది బిడ్డా అన్నాడు. ట్రైఎథైలమైన్! కుళ్లిన చేప వాసన. నా రేకు మీద వాలితే దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి పోతుంది. కర్వ్ ఎడమకే జరగాలి.

నీకు వాసన రాదా అన్నాను. ఏం వాసన, నాకేం రాదు అన్నాడు. అమ్మ అందుకుంది. ఆయనకు పోపు మాడినా తెల్వది, ఏండ్లాయె. షిఫ్ట్ దిగినంక బల్బు చుట్టూ నీలం పొగ కనవడతది, కండ్లు ముసలయినయ్ అని నాయిన నవ్వాడు. ముసలితనం కాదు, అదీ ఆ ఆవిరి పనే.

పదహారేళ్లకే పటాన్‌చెరు చౌరస్తాలో కాలుష్యం మీద కరపత్రాలు పంచినదాన్ని. నా చున్నీ వాసన నాకు తెలియలేదు. ఆ కొండపిల్ల అబద్ధమాడలేదు.

ఆగస్ట్ 1
తప్పయిందని చెప్పడం ఏ కరపత్రంలోనూ లేదు. చెప్పాను. తర్వాత బట్టలు అడిగాను. దీక్ష తన హాస్టల్ గదిలోంచి ఒక కుర్తా తెచ్చి ఇచ్చింది. ఇది వేసుకుని చేపలు మాత్రం తినకు దీదీ అంది.

హాస్టల్లో తలస్నానం. దీక్ష కుర్తా మోకాళ్ల పైకే ఉంది. కొత్త ట్రాన్సిస్టర్.

కర్వ్ కదల్లేదు. సాయంత్రం దాకా కదల్లేదు.

అప్పుడు నా చున్నీ తెచ్చి గాజు మూత కింద దాని పక్కన పెట్టాను. పుట్టింటోళ్లను చూసినట్టు జరిగింది.

ఆగస్ట్ 2
గ్రాఫ్ ప్రింట్ తీసుకుని కంపెనీ గేటు దగ్గరికి పోతానన్నాను. ప్రెస్సోళ్లను పిలుస్తానన్నాను. మేడమ్ తలుపుకు అడ్డం నిలబడింది. అరె, ఠైరో! ఒక్క దుపట్టా, ఒక్క కర్వ్. తేమకు జరిగిందంటరు, సబ్బుకంటరు, నీ చెమటకంటరు. ఏం చెప్తవ్? గుస్సా అందరికుంటది. పక్కన పెట్టి పోల్చనీకి కంట్రోల్ సాంపిల్ ఎవరి దగ్గరుంది?

కూర్చున్నాను.

రెండు తొవ్వలున్నాయంది. రేపటి నుంచి హాస్టల్లో ఉంటే కర్వ్ నిలుస్తుంది, రివ్యూ దాటుతుంది, ట్రాన్సిస్టర్ మీద పేపర్ వస్తుంది. లేదంటే దాన్ని జరిపేదాన్నే పట్టుకోవాలి, మొదటి నుంచి. ఏది మంచిదో చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి, నేనైతే ఇరవై ఏండ్లు గిట్ల కర్వ్‌ను జరిపేదాన్ని మురికని తుడిచేసిన అంది.

ఆగస్ట్ 3
హాస్టల్‌కు మారాను. నాయిన డ్యూటీలో వాడే తువ్వాలను సీసాలో పెట్టి, మూత బిగించి వెంట తెచ్చుకున్నాను.

సెప్టెంబర్ 19
రివ్యూ. నిలిచిన కర్వ్ చూపించాను. తలలు ఊపారు. తర్వాత తువ్వాల కర్వ్ చూపించాను. ఇది ఫిజిక్సా, వాసనలు చూసే పనా అని ఒక పెద్దమనిషి నవ్వాడు.

పాత కరపత్రం నోటిదాకా వచ్చింది. మింగాను. తేమ కర్వ్ పెట్టాను. సబ్బు కర్వ్. ఉతికిన కొత్త తువ్వాల కర్వ్. దీక్ష చెమట కర్వ్ కూడా, పాపం మైదానం చుట్టూ పరిగెత్తి ఇచ్చింది. ఏదీ అంత జరగలేదు. తర్వాత సీసాలోని అసలు టీఈఏ. తువ్వాల జరిగిన వైపే, అలాగే జరిగింది. నవ్వినాయన కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగాడు.

ఈ ఆవిరిని పట్టే చిప్ మీదికి టాపిక్ మారిస్తే ఒక ఏడాది పోయినట్టే అన్నారు. పోనీ అన్నాను. రిజిస్ట్రేషన్ నిలిచింది. కారిడార్‌లో మేడమ్ నా వీపు మీద ఒక్కటి చరిచింది. మంట ఇంకా ఉంది.

అక్టోబర్ 6, ఆదివారం
చిప్‌ను అగ్గిపెట్టె అంత డబ్బాలో బిగించి ఇంటికి తెచ్చాను. జేబులో పెట్టుకుని డ్యూటీకి పో నాయినా అన్నాను. కంపెనోళ్లు సూస్తే గేటు బయట నిలవెడ్తరు బిడ్డా, నీ సదువు గా కొలువు మీదనే నడిసింది అన్నాడు. నీ కళ్లు పోతున్నాయి, నీకు భయం అని అరిచాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మ, పెద్ద సదువు సదివినవ్ తియ్, నాయిన పల్లెం సల్లగయ్యేదాక అంది.

కరపత్రాల్లో చివరి పేజీకి కార్మికుడు లేస్తాడు. మా నాయిన లేచాడు, అన్నం ముందు నుంచి.

పోయే ఉద్యోగం ఆయనది. చెప్పాల్సింది ఆయన. డబ్బా అల్మారాలో పెట్టి, ఛార్జింగ్ ఎలా పెట్టాలో అమ్మకు చూపించి వచ్చాను. నేను ఇక అడగను.

అక్టోబర్ 21
అడగలేదు.

నవంబర్ 10
అల్మారాలో డబ్బా లేదు. నాయిన షిఫ్ట్ దిగి వచ్చాడు. అమ్మ ఈసారి వల మాట ఎత్తలేదు. లోపలి జేబులోంచి డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. నాకైతే ఏం రాలే, దీనికొచ్చిందా అని అడిగాడు.

డబ్బాను ల్యాప్‌టాప్‌కు కలిపి, స్క్రీన్ ఆయన వైపు తిప్పాను.

ఎడమకు జరిగిన గీత మీద వేలు పెట్టి చూశాడు. రేపు బీ షిఫ్ట్, ఛార్జింగ్ పెట్టు అన్నాడు.