తడిసిన ఉప్పు, గడ్డకట్టిన సీతాఫలం

మామా,

నేను ఐస్‌క్రీమ్ డబ్బాలతో ఆటోలో హనుమంతునిపాడు పెళ్ళికి వెళ్తున్నాను. మధ్యాహ్నం దుకాణం నుంచి కొత్తగా రెండు బస్తాల కల్లుప్పు వస్తుంది. ఈసారి వసారాలో దించనివ్వకు. లోపలి గదిలో చెక్కలు పరిచి, వాటి మీద గోడకు జానెడు దూరంగా పెట్టించు. మూతులు బిగించి కట్టి, పైన పట్టా కప్పు. నీ సైకిల్ పక్కన మాత్రం వద్దు, తుప్పు పట్టి పోతుంది.

బస్తాను వట్టి నేల మీద పెట్టొద్దని మొన్నే చెప్పాను. నువ్వు వింటేగా! పొద్దున వానకు ఉన్న ఒక్క బస్తా సగం నీరై కారిపోయింది. ఐసులో వేయడానికి ఉప్పు లేకపోతే సీతాఫలం గుజ్జు ఎట్లా గడ్డకడుతుందని ఏడుపొచ్చింది. మిగిలిన ఉప్పు గడ్డల్ని రోకలితో చితక్కొట్టి ఐసులో కలిపి, చేతులు తిమ్మిరెక్కేదాకా డబ్బా తిప్పాను. గడ్డకట్టింది మామా! రాయిలా గడ్డకట్టింది!

పెళ్ళికూతురి నాయన మాలకొండయ్య ఇంటికే వచ్చి రుచి చూసినాడు. "ఏందమ్మా ఇది, నోట్లో ఏసుకుంటానే కరిగిపాయె! మా చిన్నమ్మి పెళ్ళికి గూడా నువ్వే చేయాల" అన్నాడు. ఆయన అట్ల పోగానే వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. గిన్నె కూడా నాకేశాను, నీకేం మిగల్చలేదు.

యేసుమణి

ఇంకోమాట. ఎవరెవరు కలిసి చేశారని మాలకొండయ్య అడిగితే, "నేనూ, మా ఇంటాయనా" అన్నాను. సాయంత్రం ఆరింటికల్లా తెల్లచొక్కా వేసుకొని పెళ్ళికి వచ్చి నా పక్కన నిలబడు. నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు.