తప్పు మెడది కాదు

నాన్నకి,

'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. కొట్టేసింది కనిపిస్తుంది, కనిపించనీ. ఫోను చేస్తే సగంలో పెట్టేస్తావు. ఉత్తరమైతే చింపడానికైనా ముందు చేతిలోకి తీసుకోవాలి కదా. అమ్మ చేత చదివించుకోకు, నువ్వే చదువు.

నాకు ఒకటి రెండుగా కనిపిస్తోంది. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం దాటేసరికి ఫ్యాక్టరీలో సానచక్రం మీద ఇంకో సానచక్రం లేస్తుంది, కాస్త పైన, కాస్త వంకరగా. ఏది అసలుదో తేల్చుకునేలోపు బొటనవేలి గోరు ఎగిరిపోయింది. మేస్త్రీ నన్ను మిషన్ మీంచి తీసేసి గోదాములో అట్టపెట్టెలు మడవమన్నాడు. డాక్టరు సరే అంటేనే మళ్ళీ మిషన్ అట. ఆ మిషన్ నాకెవడూ నేర్పలేదు. అందరూ అన్నాలు తింటుంటే పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకున్నాను. పెట్టెలు మడుచుకోవడానికి కాదు నేను ఇంట్లోంచి వచ్చింది.

అంతకుముందే ఒకసారి కుడికంట్లో ఇనప రజను పడితే నర్సు కట్టు కట్టింది. ఆ కట్టుతో లోపలికెళితే మేస్త్రీ గట్టిగా అరిచాడు. "ఏమే క్వశ్చన్ మార్కూ! ఇవాళేంటి కడ్డీలా నిలబడ్డావు? జీతం పెంచమంటావా ఏంటి?" ఇక్కడ నా పేరు అదే, తల ఎప్పుడూ ఎడమ భుజం మీదికి వాలి ఉంటుందని. వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. నిజమే, తల తిన్నగా ఉంది. కట్టు విప్పాను. తల దానంతటదే మెల్లిగా ఎడమవైపుకి జారింది.

కళ్ళ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. ఆవిడ నా తల కుడి భుజం వైపు వంచి చూసింది. నా కుడికన్ను పైకి పోతోందట. ఆ కంటిని కిందికి లాగి ఉంచే కండలో బలం లేదట. "రెండు కళ్ళూ ఒకే ఎత్తులో నిలవడానికి నువ్వు తల వంచుతున్నావు. ఒక కన్ను మూసి ఉంటే ఆ అవసరం రాదు. మెడది తప్పు కాదమ్మా, మెడ నీకు సాయం చేస్తోంది" అంది. ఇప్పుడా సాయం కూడా చాలడం లేదట. రెండు బొమ్మల్నీ జరిపి కలిపే ప్రిజం అద్దాలు పెట్టి చూసింది, వాటితో అయ్యే తేడా కాదంది. ఆపరేషన్ చెయ్యాలి.

చదివావా నాన్నా? మళ్ళీ రాస్తాను. మెడది తప్పు కాదు.

రాత్రిళ్ళు నువ్వు అట్టముక్క పెట్టి మెడకి కట్టిన గుడ్డ, ఊపిరాడక నేను చేసిన గోల, చెవి వెనక చాచి కొట్టిన దెబ్బలు, అన్నీ దేనికి? సెలూన్లో నీ కుర్చీలో కూర్చున్న ఎవడి తలనైనా రెండు వేళ్ళతో ఎటు తిప్పితే అటే ఉంటుంది. నీ చేతికింద మాట వినని తల నాదొక్కటే. అందుకే పొగరన్నావు. నేను బయల్దేరిన రోజు, గడ్డాలకి సబ్బు పూసుకుని కూర్చున్న వాళ్ళ ముందు, "ముందు తిన్నగా నిలబడటం నేర్చుకో, ఉద్యోగం తర్వాత" అన్నావు. వాళ్ళు నవ్వారు. నువ్వూ నవ్వావు.

ఇప్పుడు నీతో ఒక్క పనుంది. ఇది చిన్నప్పటినుంచీ ఉందా, ఈమధ్య వచ్చిందా అని డాక్టరమ్మకి తెలియాలి. కొత్తదైతే తల లోపల ఏమైనా ఉందేమో అని స్కానింగులు తీస్తారు, నెలల తరబడి ఆగమంటారు. అప్పటిదాకా మేస్త్రీ ఆగడు. పాతదైతే ఆపరేషన్ చేసేస్తారు. నా చిన్నప్పటి ఫోటోలు పంపు. ఉన్నవన్నీ పంపు.

నీ కూతురు


నాన్నా,

ఫోటోలు అందాయి. నీ చేతిరాతలో ఒక్క ముక్కైనా ఉంటుందేమో అని కవరు దులిపి చూశాను. లేదు.

ఒక్కొక్కటీ తీసి చూశాను. ఏ ఫోటోలోనూ నా తల వంగి లేదు. మొదటి పుట్టినరోజు నుంచి బడి మానేసిన ఏడాది దాకా గోడకి కొట్టిన మేకులా తిన్నగా ఉంది. సాక్ష్యం కూడా మిగల్చలేదు కదా ఈ మనిషి అనుకున్నాను. అంత తిట్టు ఎవరినీ తిట్టలేదు.

డాక్టరమ్మ పక్కనుండే కుర్రడాక్టరు చూసి, "చిన్నప్పుడు బాగానే ఉంది మేడం, స్కానింగ్ రాయనా?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ కూర్చోమని చేత్తో సైగ చేసి, భూతద్దం తీసుకుంది.

"ఈ వేళ్ళెవరివి?"

ప్రతి ఫోటోలోనూ నా ఎడమ చెవి పక్క నుంచి రెండు వేళ్ళు. ఒకదాంట్లో నువ్వు ఫోటోలోనే లేవు, వేళ్ళు మాత్రం అంచులోంచి లోపలికి వచ్చాయి. ఇన్నేళ్ళూ గోడమీద చూస్తూ కూడా నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"మా నాన్నవి."

"తిన్నగా ఉండే తలని ఎవరైనా పట్టుకుంటారా?" అని కుర్రడాక్టరు వైపు తిరిగింది. "పాతదే. పుట్టుకతో వచ్చిందే. వచ్చే వారం చేసేద్దాం."

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. సంతోషం కాదు, ఒళ్ళు మంట. నన్ను అంత బాధపెట్టిన వేళ్ళే నాకు పనికొచ్చాయి. ఇంకోటి కూడా చూశాను. ఫోటోల్లో అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. నువ్వు నా తల వైపు చూస్తున్నావు, భయంగా. కొట్టేటప్పుడు ఆ మొహం నాకెప్పుడూ కనిపించలేదు.

అలసిపోయాను నాన్నా. ఆపరేషన్‌కి రావద్దు. నాకు తోడు గోదాములో పనిచేసే అక్క ఉంది.

నీ కూతురు


నాన్నా,

వద్దంటే వచ్చావు. నా మాట నువ్వెప్పుడు విన్నావు కనక.

అప్పుడు నేనెందుకలా వెర్రిదానిలా చూశానో చెబుతాను. నాకు నువ్వు ఇద్దరు కనిపించావు. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందట, కన్ను కొత్త చోట కుదురుకున్నా మెదడు పాత లెక్కే వేస్తుందట. ఒక్క నాన్నతోనే నేను వేగలేకపోతే ఇద్దరొచ్చి నిలబడ్డారు, రెండు టిఫిన్ డబ్బాలతో.

"జుట్టెవరు కత్తిరించారే? గడ్డి కోసినట్టుంది" అన్నావు. అంత దూరం బస్సులో వచ్చి నువ్వన్న మొదటి మాట అది. నవ్వితే కన్ను లాగింది.

తర్వాత డబ్బా కింద పెట్టి, "నాకు తెలీలేదే" అన్నావు.

"తెలీనప్పుడు కొట్టకుండా ఉండాల్సింది" అన్నాను.

"ఊఁ" అన్నావు. ఇద్దరు నాన్నలూ తలలు దించుకున్నారు.

నువ్వు పక్కింటివాళ్ళనో అమ్మనో అంటావనుకున్నాను, ఆ రోజుల్లో అందరూ అంతే అంటావనుకున్నాను. తిరిగి తిట్టడానికి మాటలు వరసగా పెట్టుకుని పడుకున్నాను. అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు వాటిని ఏం చేసుకోవాలో తెలీడం లేదు.

కన్ను కుదురుకున్నాక మిషన్ మీదికి రమ్మన్నాడు మేస్త్రీ. తల ఇంకా అలవాటుకొద్దీ వాలుతోంది, అది కొంత మిగిలిపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఒక కన్ను మూస్తే బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది కానీ అలా మూస్తూ పోతే రెండు కళ్ళూ కలిసి చూడటం నేర్చుకోవట, రెండూ తెరిచి ఎదురుగా ఉన్నదాన్ని ఓపిగ్గా చూస్తూ ఉండాలట. నువ్వున్నంతసేపూ నేను కన్ను మూయలేదు. చూస్తూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి ఆ ఇద్దరు నాన్నలూ దగ్గరికొచ్చారు, కలవబోయారు. ఇంతలో బస్సు టైమైందని లేచావు.

కోపం పోయిందనుకోకు. పోలేదు.

వచ్చే ఆదివారం రా. ఏమీ తేవద్దు. ఊరికే ఎదురుగా కూర్చో.

నీ కూతురు