ఎగరొద్దన్న మాట

అన్నా,

నీ శ్రావణికి నీ కొలువే ఒచ్చింది, వైమానిక దళంల వాతావరణం చెప్పే కొలువు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరోళ్లు నీ ఫొటో పక్కన దాని ఫొటో ఏసి, 'వీరుని బిడ్డ' అని ఫ్లెక్సీ కట్టిండ్రు. మబ్బు మంచిగ లేదు, హెలికాప్టర్ లేపొద్దని నువ్వు చెప్పినా పెద్దసార్లు ఇనలేదని, నిన్ను సుత అండ్లనే ఎక్కించిండ్రని, అది కూలిందని ఏ ఫ్లెక్సీ మీద రాస్తరు?

"గా కొలువు ఎట్లుంటది అత్తా?" అని నిన్న శ్రావణి అడిగింది. తర్వాత చెప్త అని వంటింట్లకు పోయిన.

ఇయ్యాల నీ సంవత్సరీకం. పోచంపల్లి ఇడిసి ఎల్బీనగర్ ఒచ్చినా అమ్మ మగ్గం పని ఇడువలే. పొద్దుగాల రంగేసిన నూలు పట్టుకొని డాబా ఎక్కింది.

"ఆరెయ్యకు నాయనమ్మా, వానొస్తది" అన్నది శ్రావణి.

"గింత ఎండల వానేందే?" అని నవ్వి ఆరేసింది అమ్మ.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. ఎర్రరంగు మెట్లెంబడి కారింది. "జర గట్టిగ చెప్తే నీ సొమ్మేం బోయిందే?" అని అమ్మ దాన్నే తిట్టింది.

తడిసిన నూలు మోసుకొస్తూ శ్రావణి నన్ను చూసింది. "గిట్లనే ఉంటదా అత్తా?"

"గిట్లనే ఉంటది బిడ్డా" అన్న. ఆ కొలువుల నూలుతోపాటు, ఒద్దని చెప్పినోళ్లను సుత నీ లెక్క ఆ వానలనే ఆరేస్తరని మాత్రం చెప్పలేకపోయిన.

నీ చెల్లె