ఊదు వేసే వేళ

జూన్ 3, మంగళవారం

సొంత ఊరికి ఆఫీసు పని మీద రావడం ఇదే మొదలు. బెంగళూరు టీమ్‌లో కడప భాష వచ్చినదాన్ని నేనొక్కదాన్నే అని నన్ను తోలారు. ఎర్రగుంట్ల దారిలో ఒక బండల ఫ్యాక్టరీ. అక్కడి కోత మిషన్ మీద మా కెమెరా ఉంది. బ్లేడు దగ్గరికి చెయ్యి వస్తే కనిపెట్టి బ్లేడు ఆపాలి. మధ్యాహ్నం పూట లేటుగా ఆపుతోందని కంప్లైంట్.

ఏప్రిల్‌లో ఇదే మిషన్ మీద ఓబుళేశు అనే ఆపరేటర్ చెయ్యి తెగింది. ఆసుపత్రి చేరేలోపే పోయాడు. అజాగ్రత్త అని రిపోర్టు రాశారు. ఇప్పుడు ఆ చోట పనిచేసేది ఆయన జతగాడు పీర్ బాషా.

మిషన్‌కి రోగమేం లేదు జ్యోతమ్మా, ఓబుళేశే మిట్టమధ్యాన్నం వచ్చి నిలబడుకుంటాండాడు, బ్లేడును ఆగనీడు అన్నాడు పీరన్న. అందరి ముందూ అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు.

అదే రోజు, మధ్యాహ్నం 2

రబ్బరు గ్లౌజులో గడ్డి కూరి కర్రకు కట్టి బ్లేడు దగ్గరికి తోసి చూశాను. పొద్దున ఎన్నిసార్లు తోసినా టక్కున ఆగింది. భోజనాలయ్యాక తోశాను. గ్లౌజు వేళ్ళు తెగి నా చెప్పుల మీద పడ్డాయి. పీరన్న తన రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

రేపు ఆ చేతులే కదా అక్కడ పెట్టాల్సింది. మిషన్ ఆపేయండని ఓనర్‌కి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. ఆర్డర్ ఉండాదమ్మా, మధ్యాన్నం పూట చేతులు దూరం పెట్టుకోమను అన్నాడు. ఏం మనిషో!

జూన్ 4

మా మేనేజర్ భూపేష్ ఫోన్లో, అంతా ఎండ వేడి, కూలర్ పెట్టించు అన్నాడు. పెట్టించాను. గాలి చల్లగా వచ్చింది, గ్లౌజు మళ్ళీ తెగింది.

ఈడ ఒక అలవాటు ఉంది. ఓబుళేశు పోయినప్పటి నుంచి అన్నాల తర్వాత మిషన్ పక్కన నిప్పులు పెట్టి సాంబ్రాణిలా ఊదు వేస్తారు. ఆయన పేరు చెప్పి ఒక సంగటి ముద్ద పెడతారు. ఖాళీ బ్లేడును కాసేపు తిప్పుతారు. ఆ తర్వాతే బండ ఎక్కిస్తారు. ఇంగ చాల్లేప్పా, ఇడిసిపెట్టు అని పీరన్న బ్లేడుతో మాట్లాడాడు. ఊదు పొగలో నేనూ చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంజనీరింగ్ చదివి ఏం లాభం, నేనూ బ్లేడుకు దండం పెట్టాను.

జూన్ 5

ప్రోగ్రామ్‌లో ఏ అడుగుకు ఎంత టైమో కొలిచాను. లేటంతా memcpy అనే ఒక్క అడుగులోనే ఉంది.

జూన్ 6, శుక్రవారం

దొరికింది. దొరక్కుండా ఉంటే బాగుండేది.

memcpy అంటే డేటాని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేయడం, అంతే. కెమెరా తీసిన ప్రతి ఫోటోని అదే మోయాలి. మార్చిలో మా ప్రోగ్రామ్ వాడే లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చింది. ఒక సైజు గీత దాటిన కాపీలను క్యాష్‌లో, అంటే చేతికందే చిన్న మెమరీలో పెట్టకుండా నేరుగా దూరంగా ఉండే పెద్ద మెమరీకి పంపిస్తుంది. కొత్త చిప్పుల మీద అది ఫాస్టే. ఈ మిషన్‌లో ఉన్న పాత కంప్యూటర్ బోర్డు మీద మాత్రం మరుక్షణం కావాల్సిన ఫోటోని మళ్ళీ మెమరీ దాకా పోయి తెచ్చుకోవాలి. పిండి పిసకబోతూ పిండి డబ్బా అటక మీద పెట్టినట్టు. మొత్తం మీద యావరేజ్ టైమ్ బాగా తగ్గిందని, ఆ వెర్షన్ పెట్టించిన భూపేష్‌కి చప్పట్లు కూడా కొట్టాం.

ఫోటో సైజు పెరిగేది ఎప్పుడు? బొమ్మ శుభ్రంగా ఉంటే ఫైలు చిన్నది. దుమ్మో పొగో ఉంటే పెద్దది. పొగ. ఊదు పొగ.

ఓర్నాయనో. బ్లేడు ఆగడం లేదని వీళ్ళు ఊదు వేస్తున్నారు. ఊదు వేస్తున్నారు కాబట్టి బ్లేడు ఆగడం లేదు.

పీరన్నకు చెప్పాను. ముందు ఊదు ఆపమన్నాను. ఆయన నిప్పుల గిన్నెను పక్కకు జరిపి, మరి ఓబుళేశు పోయిన దినం ఊదు యాడిదమ్మా అని అడిగాడు.

ఏప్రిల్ లాగ్స్, అంటే మిషన్ దాచిన రికార్డులు, పంపమని ఆఫీసుకు మెయిల్ పెట్టాను.

జూన్ 7, బక్రీద్

ఫ్యాక్టరీ సెలవు. ఏప్రిల్ లాగ్స్ తెరిచాను. తెరిచేముందు స్నానం చేసి వచ్చాను, ఎందుకో తెలీదు.

ఆరోజు బోరు ఎండిపోయిందని పీరన్న ఫోన్లో చెప్పాడు. నీళ్ళు లేకుండా పొడిగానే బండ కొయ్యమన్నారు. ఫోటో నిండా తెల్లటి దుమ్ము. ఫైలు సైజు గీత దాటింది. దుమ్ములో ఒక చెయ్యి, మణికట్టుకు ఎర్రదారం. మిషన్ ఆ చెయ్యిని ఫోటో తీసింది. కాపీ చేస్తూ ఉంది. కాపీ అయ్యి, చెయ్యి అని తెలుసుకుని, బ్లేడు ఆపింది. అప్పటికే అయిపోయింది.

అజాగ్రత్త అట! బోరుమని ఏడ్చాను.

పీరన్న ఇంటి నుంచి బిర్యానీ వచ్చింది. మూత తీయకుండా పక్కన పెట్టాను.

జూన్ 9, సోమవారం

ఫిక్స్ చిన్నదే. పాత బోర్డులకు ఆ గీతను పైకి జరిపాను. భూపేష్ మంచివాడే, భయస్తుడు. పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ అని రాయి చాలు, ఏప్రిల్ సంగతి మనకెందుకు, ఉద్యోగాలు పోతాయి అన్నాడు. పోనీ. మార్పుతో పాటు రాసే కమిట్ మెసేజ్‌లో తేదీ రాశాను, దుమ్ము సంగతి రాశాను, ఓబుళేశు తప్పు లేదని రాశాను. అదే మెయిల్లో పెట్టి పై వాళ్ళందరికీ పంపాను.

మధ్యాహ్నం గుప్పెళ్ళతో ఊదు వేయించి గ్లౌజు తోశాను. చిన్న గాటు కూడా పడలేదు. నేను లాగ్ చూసుకుంటుండగా పీరన్న తన సొంత చెయ్యి పెట్టేశాడు. కేక వేశాను. బ్లేడు ఆగిపోయింది. ఆయన మిషన్‌కు తల ఆనించి, నీ తప్పేం లేదంటప్పా ఓబుళేశూ, ఈయమ్మ రాసింది అని చెప్పాడు. అక్కడ ఉన్నవాళ్ళందరం ఏడ్చాం.

జూన్ 10

ఇంగ ఊదు మానుకోవాలా అని పీరన్న అడిగాడు. అక్కర్లేదు, వేసుకోండి అన్నాను. రేపు సాయంత్రం బెంగళూరు బస్సు.

జూన్ 11, మధ్యాహ్నం 12.40

ఊదు వేశారు. ముద్ద పెట్టారు. ఖాళీ బ్లేడు తిరుగుతోంది. నేనూ పీరన్నా దూరంగా వాకిట్లో మజ్జిగ తాగుతున్నాం. మిషన్ దగ్గర ఎవరూ లేరు.

బ్లేడు ఆగింది.

లాగ్‌లో కారణం: చెయ్యి. ఫోటో తెరిస్తే పొగ తప్ప ఏమీ లేదు. పీరన్న వంగి స్క్రీన్ మీద ఆ పొగను వేలితో తడిమాడు.

ఈ తూరి వాని చెయ్యి తెగలేదులేమ్మా అన్నాడు.