కాటా చీటీలో లేని బరువు

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నర్సరీకి మళ్ళీ బండి కావాలి కదా, ఇవాళ చెల్లిని తీసుకుని రాజమండ్రిలో బాడీ కట్టే షెడ్డుకి వెళ్ళాను.

"పాత బండికిలాగే మూడు అరలు వేసెయ్యమంటారాండీ? మొక్కలు ఎక్కువ పడతాయి" అన్నాడు మేస్త్రి.

నేను తలూపేలోపే చెల్లి అడ్డుపడింది. "ఒక్కటి చాలండీ. ఆ ఇనుము కూడా బండే మొయ్యాలి కదా. పైన బరువుంటే మలుపులో ఒరిగిపోద్ది."

"నిజమేనండీ. తడిమట్టి ఇంకా బరువు" అన్నాడతను.

చెల్లి పర్సులోంచి నీ కాటా చీటీ తీసి చూపించింది. "మా ఆయన తూకం వేయించే బయల్దేరారండీ. బరువు సరిగ్గానే ఉంది." నా వైపు తిరిగింది. "మరి బండెలా ఒరిగింది అన్నయ్యా?"

ఆ రోజు కాటా వేయించుకొచ్చి, చీటీ గూట్లో పెట్టి నువ్వు అన్నానికి కూర్చున్నావు. ఎండకి మొక్కలు వాడిపోతాయని నేను పైపు పట్టుకుని మూడు అరలూ నీళ్ళు కారేదాకా తడిపాను. నీకు చెప్పలేదు. ధవళేశ్వరం దాటాక కాలవగట్టు మలుపులో బండి పల్టీ కొట్టింది. నువ్వు నిద్రపోయుంటావని ఊరంతా అంది. నేనూ అవునన్నాను. చెల్లి ఒక్కతే ఇప్పటికీ నమ్మదు.

ఇవాళ కూడా అది నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

"కునుకు పట్టుంటుందమ్మా" అన్నాను.