నీలం మూత

చెల్లీ, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. కానీ ఈ కార్డు చదవగానే నువ్వు లేచి వెతకాల్సింది ఒకటుంది. పక్కింటి ఫోన్లోంచి మూడుసార్లు చేశాను, మీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నిన్న షాపులో బస్సు కండక్టరు గారికి చొక్కా కొలతలు తీస్తుంటే ఆయాసం వచ్చింది. గుండీల సొరుగులోంచి ఇన్‌హేలర్ తీసి నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాను. మందుతో పాటు ఓ గుండీ గొంతులోకి దూసుకెళ్లింది! అరుద్దామంటే గొంతు పెగల్లేదు, ఊపిరి లేదు. ఆయన నన్ను ముందుకు వంచి వీపు మీద గట్టిగా నాలుగు చరిస్తే, అది ఎగిరి కొలతల పుస్తకం మీద పడింది. "గుండీలు కుట్టమంటే మింగేస్తావేంటమ్మా!" అన్నాడు. నాకింకా సూదిలో దారం ఎక్కట్లేదు.

డాక్టరమ్మ చెడామడా తిట్టింది. మూత లేకుండా పడేస్తే చిన్నచిన్నవన్నీ అందులో దూరతాయట.

అమ్మ ఆపరేషన్ కుట్లు ఆరాయా? నీళ్ల బిందె ఎత్తనివ్వకు. దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకుని దగ్గమను. పిగిలితే మళ్లీ వెయ్యడానికి అవి నా కుట్లు కావు.

"ఇంతకీ మూతేదీ?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు గుర్తొచ్చి నా గుండె ఆగినంత పనైంది. పోయిన నెల మీ ఇంటికొచ్చినప్పుడు, బొమ్మకి గ్లాసంటూ మీ బుజ్జిదాని చేతిలో పెట్టింది ఆ నీలం మూతే. ఏది దొరికినా నోట్లో కుక్కుకునే పిల్లకి నేనే ఇచ్చానే! ముందు దాన్ని వెతికి పారేసి, వెంటనే ఒక్క ముక్క రాయి. అమ్మకి దండాలు, బుజ్జిదానికి ముద్దులు. నీ కార్డు అందేదాకా నాకు ఊపిరాడదు.

మీ అక్క