రెండు నెలల విశ్రాంతి

జపాన్,
2017 నవంబరు 12

ప్రియమైన బావకు,

అక్క, సౌందర్య, నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ చలి ఎముకల్లోకి దిగుతోంది. మూడేళ్లుగా ఈ కంపెనీ బేస్‌బాల్ జట్టులో పిచర్‌గా జీతానికి బంతులు విసురుతున్నాను. బరంపురం హాస్టలు వెనక నేను విసరడం, నువ్వు పట్టడం, వార్డెను మనల్ని తిట్టడం గుర్తుందా? దీనికి డబ్బులిస్తారని అప్పుడెవరైనా అంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం.

సంగతేమిటంటే, మోచేయి బాగాలేదు. పళ్లు తోముకుంటున్నా లాగుతోంది. నిన్న మేనేజరు పిలిచి, "ఇంటికెళ్లి రెండు నెలలు విశ్రాంతి తీసుకో, మేమే పిలుస్తాం" అన్నాడు. వంగి దండం పెట్టి మరీ చెప్పాడు. వచ్చే వారం బయలుదేరుతున్నాను. అక్కకి మోచేయి సంగతి చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది.

నీ కూర్మారావు

---

రామయ్యపట్నం,
2018 ఆగస్టు 3

చిరంజీవి కూర్మాకి,

భువనేశ్వర్‌లో కోచ్ ఉద్యోగంలో చేరావని తెలిసి కడుపు నిండింది. ఆ కంపెనీ పిలుపు కోసం ఫోను ఒళ్లో పెట్టుకుని మా ఇంట్లో నువ్వు కూర్చున్న రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పిలవబోమని వాళ్లకి ముందే తెలుసు. ఆ ముక్క మొహం మీద చెప్పేస్తే ఒకరోజు ఏడ్చి లేచేవాడివి కదరా.

నీ మేనకోడలు సౌందర్య మొన్నటిదాకా "అమ్మా, మామని ఆళ్లు పిలిసారేటి?" అని అడుగుతూనే ఉంది. పదేళ్లకే నోరు ఎక్కువ, చెయ్యి ఇంకా ఎక్కువ. రాయి విసిరితే జీడిపండు రాలాల్సిందే. ఎదిగాక నీ దగ్గరికే పంపిస్తాను, కాచుకో.

ఫోను చేస్తే మీ అక్క చిట్టమ్మ లాక్కుని ఏడుపు మొదలుపెడుతుంది. మన ఆట మాటలు కాయితం మీదే ఉండనీ.

మీ బావ నీలకంఠం

---

రామయ్యపట్నం,
2025 ఫిబ్రవరి 9

చిరంజీవి కూర్మాకి,

సౌందర్య నీ ఆటల హాస్టలు నుంచి ఇంటికొచ్చి మూడు వారాలైంది. "మామ రెండు నెల్లు సెలవిచ్చినాడు" అంది. మీ హాస్టలు ఇంత ఉదారంగా ఎప్పుడు మారిందిరా? ఏదైతేనేం, నా పంట పండింది. అటక మీది పాత గ్లవ్ దింపి, బూజు దులిపి, నూనె రాశాను. రోజూ చేపల వేట నుంచి రాగానే ఇసకలో గొంతుక్కూచుంటున్నాను. అది విసురుతుంది, నేను పడతాను. మోకాళ్లు పటపటమంటున్నాయి, లెక్కచేయడం లేదు.

ఎంత పిచర్ని చేశావురా దాన్ని! నేను చాలంటే వినదు. "మామకి సూపించాల నాన్నా, ఇంకో పది ఏస్తాను" అంటుంది. పక్కింటి కాసమ్మ వచ్చి నోరు తెరుచుకుని చూస్తోంది. మన బోటు పాడై పరాయి బోట్లలో వేటకి పోతున్నప్పటి నుంచి ఇంట్లో ఇంత సంతోషం లేదు.

మీ బావ నీలకంఠం

---

భువనేశ్వర్,
2025 మార్చి 2

బావా,

జట్టుతో పంజాబ్ వెళ్లి ఇప్పుడే వచ్చాను. తాళం తీస్తే గుమ్మం కింద నీ ఉత్తరం. గుమ్మంలోనే నిలబడి చదివాను.

నేనిచ్చింది సెలవు కాదు, విశ్రాంతి. దాని మోచేయి వాచింది. రెండు నెలలు బంతి ముట్టుకోకపోతే పూర్తిగా నయమవుతుందని డాక్టరు చెప్పాడు. ముట్టుకోనని నా చేతిలో చెయ్యేసింది. ఇంట్లో అదే చెబుతుందిలే అనుకుని నీకు రాయలేదు. నాది బుద్ధి తక్కువ.

ఫోను చేశాను. నువ్వు సముద్రం మీద ఉన్నావు. అక్కేమో "నొప్పేటిరా? పిల్ల నవ్వుతా తిరుగుతంది" అని కొట్టిపారేసింది. పిలవమంటే అది రాలేదు. మన వీధి మసేను ఈ రాత్రి బస్సుకి ఊరొస్తున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికిస్తున్నాను. అందగానే ఆపించు. రేపే బరంపురం ఆస్పత్రికి తీసుకురా. నేనూ అక్కడికే వస్తాను.

కూర్మారావు

---

రామయ్యపట్నం,
2025 మార్చి 14

కూర్మా,

ఆ రోజు బరంపురం ఆస్పత్రిలో, ఆపరేషన్ చేసినా ఇక బంతి విసరలేదని డాక్టరు అంటుంటే నువ్వు గోడకి ఆనుకున్నావు. పిల్ల నీ మొహం కూడా చూడలేదు. ఎందుకో నిన్న వాళ్లమ్మకి చెప్పింది.

"మామని కంపినీవోళ్లు ఇలాగే పంపీసారు కదమ్మా. ఇంటికెల్లి రెస్టు తీసుకో, పిలుస్తాం అన్నారు. మామ నాకూ అదే సెప్పినాడు. నాకు తెల్దేటి? బాగా ఏసి సూపిస్తే ఉంచుతాడనుకున్నాను."

మన ఇంట్లో ఆ కథ వింటూ పెరిగిన పిల్ల మరి. ఇంకేమనుకుంటుంది? నొప్పి ఓర్చుకుని విసిరింది. ఆ బంతులన్నీ పట్టింది నేను. "ఇంకా గట్టిగా" అని అరిచింది నేను. పిచర్ చెయ్యి నొప్పి పెడితే ముందు తెలియాల్సింది ఆ బంతి పట్టే క్యాచర్‌కే. నాకు తెలియలేదురా.

చిటికెన వేలికి స్పర్శ లేదు. తిండి మానేసింది. ఒకటే మాట అడుగుతోంది, మామ నిజంగా పిలుద్దామనుకున్నాడా అని. ఉన్నది ఉన్నట్టు రాయి.

నీలకంఠం

---

భువనేశ్వర్,
2025 మార్చి 22

ప్రియమైన బావకు,

ఉన్నదే రాస్తున్నాను. అమ్మాయిల జాతీయ శిబిరానికి ఎంపికైన పిచర్లలో మొదటి పేరు సౌందర్యది. పేర్లు ఇంకా బయటపెట్టలేదు, కోచ్‌ని కాబట్టి నిన్న నాకు చెప్పారు. దాని చెయ్యి సంగతి వాళ్లకింకా తెలియదు. జనవరిలోనే దాని కోసం పట్టుబట్టాను. పంజాబ్‌లో ఆడించకుండా ఇంటికి పంపింది కూడా ఆ చెయ్యి శిబిరానికి దక్కాలనే.

ఆదివారం వస్తున్నాను. ఎదురుగా కూర్చుని అన్నీ చెబుతాను. నన్ను ఆ కంపెనీ వాళ్లలో కలిపేసిందన్న బాధ నన్ను నిద్రపోనివ్వడం లేదు. నేను అలాంటివాణ్ని కానని దానికి తెలియాలి బావా. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

నీ కూర్మారావు

---

రామయ్యపట్నం,
2025 మార్చి 27

నా కూర్మాకి,

ఆదివారం రాకు.

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టేశాను. నువ్వొచ్చి నిజం చెబితే పిల్లకేం మిగులుతుందో ఆలోచించు. ఊరికే కూర్చుని ఉంటే దేశానికి ఆడేదాన్ని, నా చేతిని నేనే పాడుచేసుకున్నాను అనుకుంటూ బతకాలి. దానికి పదిహేడేళ్లు. అంత బరువు మోయలేదు. నేను మోస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

అందుకే నిన్న చెప్పేశాను. "మీ మామ నిన్ను ముందే తీసీసినాడమ్మా. నువ్వు బంతి ఏసినా ఎయ్యకపోయినా ఒకటే" అన్నాను. మీ అక్క కూడా నమ్మింది. నిన్ను అనరాని మాటలంది. నేను తలూపాను.

ఆ పేర్లు బయటికి రాకముందే దాని పేరు తీయించెయ్యి. నీ చేత్తోనే తీయించెయ్యి. రేపు ఎవరైనా దానికి నిజం చెబితే నేను తట్టుకోలేను.

చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, ఎడమ చేత్తో కలుపుకుని అన్నం తింది. చేపల పులుసు మళ్లీ అడిగి వేయించుకుంది. చెయ్యి కడుక్కున్నాక, గోడ మీదున్న నీ జట్టు ఫోటో దింపి మంచం కిందకి తోసేసింది. నేను ఆపలేదు.

ఇక మా ఇంటికి ఉత్తరాలు రాయకు, దాని చేతికి దొరుకుతాయి. ఫోను కూడా చెయ్యకు. నువ్వు చెయ్యని పాపం నీ నెత్తిన పెట్టాను. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. కానీ పిల్ల అన్నం తింటోంది కూర్మా.

మీ బావ
నీలకంఠం